ఎనిమిదో తరగతి గారు

గత నెల మా పాత హైస్కూల్లో ఒక సహోద్యోగి పదవీ విరమణ సభ జరిగింది. కుర్చీలు చాలక అటెండర్ మేడ మీది మూలగది తాళం తీశాడు. తలుపు తెరవగానే వాసన గుప్పుమంది. తడిసి ఆరిన రబ్బరు చెప్పులు, సోమవారం తొడిగి శనివారం విప్పిన సాక్సులు, వేడెక్కిన మానిటర్ మీద మాడిన దుమ్ము, కిటికీలకు కట్టిన నల్లగుడ్డ ముక్క వాసన, అన్నీ కలిసి అక్కడి ఆకుపచ్చ కార్పెట్‌లోకి ఇంకిపోయాయి. గదిలో ఇప్పుడు కంప్యూటర్ ఒక్కటీ లేదు. విరిగిన బెంచీలు, మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు ఉన్నాయి. కింద మైకులో ఎవరో "వారి సేవలు చిరస్మరణీయం" అంటున్నారు. నేను కుర్చీ ఒకటి పట్టుకుని ఆ గుమ్మంలోనే ఉండిపోయాను.

ఆ గదిని కంప్యూటర్ ల్యాబు అనేవాళ్ళం. బడి మలక్‌పేట వైపు, పేరు ఎందుకులెండి. నేను అక్కడ తెలుగు పంతుల్ని. ఛందస్సు చెప్పుకోక ఈయనకు కంప్యూటర్ గదిలో ఏం పని అని లెక్కల మాస్టారు వేళాకోళం చేసేవారు. యతిప్రాసలు పక్కనపెట్టి పిల్లల చేత వికీపీడియాలో రాయిస్తానంటే ఆ రోజుల్లో ఎవరికైనా వింతగానే ఉండేది మరి.

ఒక్కో సీపీయూకి నాలుగైదు మానిటర్లు తగిలించి ఉండేవి. అది మొరాయిస్తే వరసంతా మొరాయించేది. కరెంటు పోగానే యూపీఎస్‌లు కీచుమని అందుకునేవి. "సేవ్ చేయండి, సేవ్ చేయండి" అంటూ కాంట్రాక్టు మీద పనిచేసే కంప్యూటర్ సార్ ఆ చివర నుంచి ఈ చివరకు పరిగెత్తేవాడు. పాపం, ఆయనకు నెలల తరబడి జీతం వచ్చేది కాదు, అయినా పరిగెత్తేవాడు. గంట కొట్టాక గుమ్మం బయట చెప్పుల దగ్గర ఇంకో యుద్ధం. అందరివీ ఒకే దుకాణంలో కొన్న నీలి పట్టీల చెప్పులే. ఎవరివి ఎవరివో తేలేసరికి తర్వాతి పీరియడ్ సగం అయిపోయేది.

*

నేను చదువుకునే రోజుల్లో విజ్ఞాన సర్వస్వం చూడాలంటే సుల్తాన్‌బజార్ వెళ్ళాలి. అక్కడ 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. సంగ్రహాంధ్ర విజ్ఞాన కోశం సంపుటాలు అక్కడే మొదటిసారి చూశాను. ఇంటికి ఇవ్వరు. బల్ల మీద పెట్టుకుని పెన్సిలుతో రాసుకోవాలి. సిరా పెన్ను తీస్తే పెద్దాయన గొంతు సవరించుకునేవారు. పైన ఫ్యాను టకటక, పక్కన పేపర్లు చదివే వాళ్ళ పేజీల గలగల, మధ్యమధ్య వీధిలోంచి బేరాల కేకలు. ఏనుగు గురించి వెతకబోయి ఏలూరు గురించి చదివి బయటికొచ్చేవాణ్ణి.

ఆ నిలయాన్ని నిలబెట్టిన వాళ్ళలో కొమర్రాజు లక్ష్మణరావు ఒకరు. 1906లో హైదరాబాదులోనే విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టి తెలుగులో శాస్త్ర గ్రంథాలు, చరిత్ర గ్రంథాలు వేయించారు. తర్వాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకుని, మూడు సంపుటాలు తెచ్చి, 'అ'కారం దాటకుండానే 1923లో కన్నుమూశారు. ఆ పనిని తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు మళ్ళీ తలకెత్తుకున్నారు. ల్యాబులో మొదటి పాఠంగా ప్రతి ఏడాదీ నేను ఈ కథే చెప్పేవాణ్ణి.

ఒక ఏడాది ముందు బెంచీ అమ్మాయి లేచి, "అయితే సార్, హైదరాబాదు అనే మాట ఆయన రాయనే లేదా?" అంది.

"'హ' ఎక్కడుందో వర్ణమాల చదువు" అన్నాను.

చదివింది. క్లాసంతా మౌనంగా వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. 'క'కే చేరని మనిషికి 'హ' ఎంత దూరమో వాళ్ళకు తెలిసిపోయింది. అప్పుడు చెప్పాను: 2003 డిసెంబరులో తెలుగులో ఇంకో విజ్ఞాన సర్వస్వం మొదలైంది, ఇది అక్షరక్రమం కోసం ఆగదు, నీకు 'హ' కావాలంటే 'హ'తోనే మొదలుపెట్టుకో అని.

*

మొదలుపెట్టడం మాటలతో అయ్యేది కాదు. మొదట తెరిచినప్పుడు తెలుగు వికీపీడియా అంతా డబ్బాలు. పేజీ నిండా ఖాళీ చతురస్రాలు. ఇదేనా సార్ తెలుగు అన్నట్టు చూశారు పిల్లలు. విండోస్ ఎక్స్‌పీలో కంట్రోల్ ప్యానెల్‌కి వెళ్ళి, ప్రాంతీయ భాషల గడిలో ఒక చోట టిక్కు పెట్టాలి. పెట్టగానే ఎక్స్‌పీ సీడీ వేయమని అడిగేది. ఆ సీడీ హెడ్మాస్టరు గారి బీరువాలో ఉండేది, బీరువా తాళం ఆయన జేబులో, ఆయనేమో మండల మీటింగులో. ఆ సీడీ దొరికి, గౌతమి ఫాంటు వచ్చి, డబ్బాలన్నీ ఒక్కసారిగా అక్షరాలైన క్షణాన గదిలో ఈలలు వేశారు. సినిమా హాల్లో హీరో దిగినప్పుడు వేసే ఈలలే.

టైపింగు కోసం లేఖిని వాడేవాళ్ళం. పై గడిలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే కింది గడిలో తెలుగు వచ్చేది. 'అమ్మ' అందరికీ ఇట్టే వచ్చింది. 'ణ'కీ 'ళ'కీ పెద్ద అక్షరం కొట్టాలని అలవాటయ్యేదాకా మా పిల్లల రాతలో 'పల్లెలు', 'పళ్ళెలు' ఒకటే. అసలు తంటా 'విజ్ఞానం' దగ్గర వచ్చింది. 'జ్ఞ' కావాలంటే 'జె' తర్వాత ఎస్కేప్ మీట కింద ఉండే అల గుర్తు నొక్కి, ఆ తర్వాత 'ఎన్' కొట్టాలి. కీబోర్డు కొన్నప్పటి నుంచి ఆ మీట జోలికి ఎవరూ పోలేదు. వికీలో ఒకరికొకరు ఉత్తరాలు రాసుకునే చర్చ పేజీలో సంతకం చేయడానికి కూడా ఆ గుర్తే నాలుగుసార్లు కొట్టాలి. భద్రపరచగానే అది మన పేరుగా, తేదీగా, సమయంగా మారిపోతుంది. ఆ ఏడాది చివరికి కీబోర్డులన్నిటి మీదా ఆ మూల మీట ఒక్కటే తళతళలాడేది.

*

ఖాతాలు తెరవడం ఇంకో ముచ్చట. ఒకే ఐపీ చిరునామా నుంచి ఒక రోజులో 6 ఖాతాలు మాత్రమే తెరవనిస్తారు. ఆకతాయిలు వందల ఖాతాలు సృష్టించకుండా పెట్టిన నిబంధన అది. మా బడి మొత్తానికి ఒకటే కనెక్షను. ఏడో పిల్లవాడికి తలుపు మూసుకునేది. "నేను ఏం తప్పు చేశాను సార్?" అని ఏడో వాడు ఏడుపు మొహం పెట్టేవాడు. రోజూ ఎవరో ఒకరు ఏడో వాడయ్యేవారు. కొన్నాళ్ళకు వికీలో పాతకాపు ఒకాయన విషయం తెలుసుకుని, మినహాయింపు ముందే అడగవచ్చని చెప్పి దారి చూపించారు.

పేర్ల గురించి నేను ఎంత చెప్పినా వినలేదు. సొంత పేరు, ఇంటి చిరునామా పెట్టకండి అన్నాను; ఆ మాట మాత్రం శ్రద్ధగా విన్నారు. ఫలితంగా 'చదువులతల్లి', 'అక్షరమాల' లాంటి బుద్ధిమంతుల పేర్ల పక్కన 'మలక్‌పేట టైగర్' అనే ఖాతా కూడా వెలిసింది. టైగరు చివరి బెంచీలో కూర్చునే బక్కపలచని పిల్లవాడు. తండ్రి ఆటో నడిపేవాడు. వీడికి తెలుగులో వచ్చే మార్కుల గురించి మాట్లాడకపోవడమే మర్యాద.

*

ఏం వెతకాలి అంటే పిల్లలు మొదట హీరోల పేర్లు వెతికారు, తర్వాత తమ ఊళ్ళు. హైదరాబాదు పిల్లల్లో సగానికి పైగా అమ్మమ్మ ఊరో నానమ్మ ఊరో నల్గొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో ఉండేది. తెలుగు వికీపీడియాలో అప్పటికే వేలాది గ్రామాలకు పేజీలు పెట్టేశారు. ఒక్కో పేజీలో ఉండేది ఒక్కటే వాక్యం: ఫలానా ఊరు, ఫలానా జిల్లా, ఫలానా మండలానికి చెందిన గ్రామము. అంతే.

టైగరు వాళ్ళ అమ్మమ్మ ఊరు వెతికి ఆ ఒక్క వాక్యం చదివి చాలాసేపు చూశాడు. "ఇంతేనా సార్?" అన్నాడు. పక్కన ఉన్న 'మార్చు' చూపించాను. ఆ పీరియడ్ అంతా వంగి కూర్చుని ఒక్కో వేలితో కొట్టాడు: మా అమ్మమ్మ ఊరు చాలా అందమైనది, అక్కడి జనం చాలా మంచివారు, చెరువులో చేపలు బాగా దొరుకుతాయి, సంక్రాంతికి కోడిపుంజుల పందాలు కూడా ఉంటాయి.

మర్నాడు ఉదయం ప్రార్థన లైనులోంచే నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "సార్, ఎవరో కొట్టేశారు! నా వాక్యాలన్నీ కొట్టేశారు!" ఇంటర్నెట్ సెంటర్లో డబ్బులిచ్చి మరీ రాత్రే చూసుకున్నాడట.

పేజీ చరిత్ర తెరిచి చూపించాను. మార్పు ఎవరు చేశారు, ఏ వేళకు చేశారు, ఏది తీశారు, ఏది ఉంచారు, అన్నీ ఉన్నాయి. చెరువు ఉంది. 'చాలా అందమైనది', 'చాలా మంచివారు', కోడిపుంజులు లేవు. మార్పు ఎందుకు చేశారో చెప్పే సారాంశంలో ఒక ముక్క రాసి ఉంది: అభిప్రాయాలు తీసేశాను, తటస్థంగా ఉండాలి. టైగరు చర్చ పేజీలో అప్పటికే ఒక స్వాగత సందేశం, దాని కింద ఇంకో ఉత్తరం ఉన్నాయి. నాకు ఇప్పటికీ ఇంచుమించుగా గుర్తుంది. "మలక్‌పేట టైగర్ గారూ, గ్రామ వ్యాసంలో మీరు చేసిన కృషికి ధన్యవాదాలు. చెరువు పేరు తెలిస్తే చేర్చగలరు. బడి ఏ తరగతి వరకు ఉందో, బస్సు సౌకర్యం ఉందో లేదో రాస్తే వ్యాసం ఇంకా బాగుంటుంది" అని.

వికీలో ఒకరినొకరు 'గారు' అనుకోవడం ఆనవాయితీ. అవతలివాడు రిటైర్డ్ ఇంజనీరా, ఎనిమిదో తరగతి కుర్రాడా అన్నది తెలియదు, అడగరు. టైగరు ఆ ఉత్తరం ముందు నోరు వెళ్ళబెట్టి నిలబడ్డాడు. వాణ్ణి ఇంట్లో 'ఒరేయ్' అనేవారు, బడిలో మేం పేరుకు చివర ఏదో ఒకటి తగిలించి పిలిచేవాళ్ళం, పక్క బెంచీ వాళ్ళు పిలిచే పేరు రాయలేను. 'గారు' అన్నవాడు ఆ ఉత్తరం రాసిన ముక్కూమొహం తెలియని మనిషి ఒక్కడే. క్లాసులో నెల రోజులు వాడికి అదే పేరయింది. "టైగర్ గారూ, కాస్త చాక్‌పీసు అందుకోండి" అని ఆడపిల్లలు ఏడిపించేవారు. వాడు ఏడవలేదు. ఆదివారం బస్సెక్కి అమ్మమ్మ ఊరు వెళ్ళి చెరువు పేరు, బడి తరగతులు, బస్సు వేళలు ఒక కాగితం మీద రాసుకొచ్చాడు.

తెలుగు పరీక్షలో వీళ్ళు రాసిన వ్యాసాలు నేను ఒక్కణ్ణే చదివేవాణ్ణి, అదీ ఎర్ర పెన్నుతో. 'వార్తాపత్రికల వలన లాభాలు' అన్న వ్యాసం పిల్లవాడికీ అక్కర్లేదు, నాకూ అక్కర్లేదు, బోర్డుకి కావాలి. ఇక్కడ మాత్రం ఎవరో చదివారు, చెరువు పేరు అడిగారు. నేనెన్నేళ్ళు చెప్పినా రాని వాక్యనిర్మాణం ఆ ఒక్క ప్రశ్నతో వచ్చింది. దీనికి నాకు కొంచెం ఈర్ష్య కూడా కలిగింది, ఎందుకు దాచాలి.

*

మక్కికి మక్కి దించడం మా వాళ్ళకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. గైడులో ఉన్నది నోట్సులోకి, నోట్సులో ఉన్నది పరీక్ష కాగితం మీదికి. అలాగే పేపర్లో వచ్చిన ఆదివారం వ్యాసం ఎత్తి వికీలో పెట్టేశారు. తీసేశారు. మళ్ళీ పెట్టారు, మళ్ళీ తీసేశారు. కాపీ హక్కులంటే ఏమిటో నేను బోర్డు మీద రాసి చెబితే ఆవులించారు. "నీ హోంవర్కు పక్కవాడు ఎత్తి తన పేరు రాసుకుంటే?" అన్నాక కొందరి మొహాలు మారాయి. కొందరికి మారలేదు; ఆ కొందరు హోంవర్కు చేసేవాళ్ళు కాదు.

బడి గురించి వ్యాసం పెడదామని హెడ్మాస్టరు గారికి ఉత్సాహం పుట్టింది. తన పేరు రెండో వాక్యంలోనే రావాలన్నారు. ఇద్దరు ఆడపిల్లలు ఒకే సమయంలో ఆ పేజీ తెరిచి రాయడంతో 'దిద్దుబాటు ఘర్షణ' అని తెర మీద వచ్చింది. వాళ్ళిద్దరూ దాన్ని నిజమైన గొడవనుకుని వారం మాట్లాడుకోలేదు. ఇంతా చేసి, విషయ ప్రాధాన్యత లేదని పేజీని తీసేయాలంటూ పైన తొలగింపు మూస అనే పట్టీ తగిలించారు. హెడ్మాస్టరు గారు "వీళ్ళెవరు మన బడికి ప్రాధాన్యత లేదనడానికి?" అని చాలా రోజులు రుసరుసలాడారు. సెలవుల తర్వాత ఆ ఊసే ఎత్తలేదు.

*

చింతచెట్టు సంగతి చెప్పకపోతే ఈ జ్ఞాపకాలు పూర్తికావు.

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద గురించి పాతబస్తీ ఇళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ వరదలో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఆయన ఆలోచన మీదే గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. ఇదంతా రాద్దామని ఒక శనివారం కొందరు పిల్లల్ని వెంటబెట్టుకుని బయల్దేరాను.

వాళ్ళలో చాదర్‌ఘాట్ పిల్లవాడొకడు ముందే రాసుకొచ్చాడు: ఐదొందల మంది చెట్టెక్కారు అని. "ఎవరు చెప్పారు?" అన్నాను. "మా తాత. ఆయనకు వాళ్ళ తాత చెప్పాడు. ఆయన చూశాడు."

చెట్టు కింద నిలబడి అందరం తలెత్తి చూశాం. లావాటి మొదలు, ఆసుపత్రికి వచ్చినవాళ్ళు దాని నీడలో టిఫిన్ డబ్బాలు విప్పుకుంటున్నారు. ఒక అమ్మాయి కొమ్మలు లెక్కపెట్టి, కొమ్మకు ఎంతమంది పడతారో భాగహారం చేసింది. ఐదొందలు పట్టరని తేల్చింది. చాదర్‌ఘాట్ వాడు అప్పట్లో కొమ్మలు ఎక్కువ ఉండేవన్నాడు. గొడవ తెగక పక్కనే అఫ్జల్‌గంజ్ గ్రంథాలయానికి తీసుకెళ్ళాను. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన సంస్థ అది. ఎత్తయిన ఆ హాల్లోకి అడుగుపెట్టగానే పిల్లలు తమంత తాము గొంతు తగ్గించారు. పుస్తకాలు తెప్పించుకుని పేజీలు తిప్పి 150 అన్న అంకె మీద వేలు పెట్టి చూపించాను.

"మా తాత అబద్ధం చెబుతాడా సార్?" అన్నాడు వాడు.

అచ్చయిన ఆధారం ఉన్నదే రాయాలన్నది వికీ నియమం. వ్యాసంలో 'సుమారు 150 మంది' అనే వెళ్ళింది. వాడే టైపు చేశాడు, పుస్తకం పేరు, పేజీ సంఖ్య కింద మూలంగా ఇచ్చాడు. ఇంటికెళ్ళి తాతకు చెబితే ఆయన మండిపడ్డాడట: "ఆ పుస్తకం రాసినవాడు చెట్టెక్కాడా?" నియమం సరైనదే, ఇప్పుడూ అదే అంటాను. కానీ తాతలు చెప్పిన ఐదొందల కథ ఎక్కడ రాసిపెట్టుకోవాలో చెప్పే పుస్తకం మన దగ్గర లేదు. ఆ కథను నోట్‌బుక్కు చివరి పేజీల్లో రాసిపెట్టుకోమన్నాను. రాశాడో లేదో.

చెట్టు ఫొటోను వికీ వాళ్ళ ఫొటోల గిడ్డంగి కామన్స్‌లోకి ఎక్కించాం. కెమెరాలో తేదీ సెట్ చేయకపోవడంతో మూల మీద నారింజ రంగులో ఏదో పాత సంవత్సరం పడింది. కొద్దిరోజుల్లో ఎక్కడో ఉన్న ఎవరో ఆ మూల కత్తిరించి శుభ్రం చేసి పెట్టారు. పేరు చెప్పి ఎవరైనా ఈ ఫొటో వాడుకోవచ్చు, మార్చి పంచుకుంటే అదే షరతు మీద పంచుకోవాలి అని లైసెన్సు వివరించాను. "మనకు డబ్బులిస్తారా సార్?" అన్నది మొదటి ప్రశ్న. ఇవ్వరన్నాను. "అయితే ఆ కత్తిరించిన ఆయనకు ఎవరిచ్చారు?" అన్నది రెండోది. ఆయనకూ ఎవరూ ఇవ్వలేదంటే నమ్మడానికి చాలాకాలం పట్టింది.

*

తర్వాతి ఏళ్ళలో ఆబిడ్స్‌లోని గోల్డెన్ థ్రెషోల్డ్‌లో తెవికీ, అంటే తెలుగు వికీపీడియా, నెలవారీ సమావేశాలు జరిగేవి. అది సరోజినీ నాయుడు కుటుంబం ఉన్న ఇల్లు. 1905లో వచ్చిన ఆమె తొలి కవితా సంపుటి పేరే దానికి నిలిచింది. ఒకసారి పెద్ద తరగతి పిల్లల్ని తీసుకెళ్ళాను. తాము ఇన్నాళ్ళూ 'గారు' అని రాసినవాళ్ళు, తమను 'గారు' అని రాసినవాళ్ళు ఎదురుగా కూర్చుని ఉన్నారు. చెరువు పేరు అడిగినాయన తల నెరిసిన మనిషి. టైగరును చూసి లేచి నిలబడి, "మీరేనా!" అన్నారు. టైగరు నా వెనక్కి నక్కాడు. తర్వాత చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. ఆయనా వాడూ మూలాల గురించి వాదించుకుంటుంటే నాకు అడ్డు వెళ్ళాలనిపించలేదు.

కాంట్రాక్టు ముగిసింది, కంప్యూటర్ సార్ వెళ్ళిపోయాడు, మానిటర్లు ఒక్కొక్కటిగా నల్లబడ్డాయి. "దీనికి మార్కులు ఎన్ని వేస్తారు?" అని అడిగే తల్లిదండ్రులకు నా దగ్గర ఏనాడూ జవాబు లేదు. తర్వాత ఇంగ్లీషు మీడియం సెక్షన్లు వచ్చాయి. తెలుగు పీరియడ్లు తగ్గాయి. నేనూ పెన్షన్ కాగితాల్లో పడ్డాను.

2016 అక్టోబరు 11న తెలంగాణలో పది జిల్లాలు ముప్పయి ఒకటయ్యాయి. ఒక్క రోజులో వేలాది గ్రామాల పేజీల్లో జిల్లా పేరు పాతబడింది. వాటన్నిటినీ సరిదిద్దడానికి వికీ వాళ్ళు పడిన పాట్లు చూడటానికి నేను అప్పుడప్పుడు ఇటీవలి మార్పుల పేజీ తెరిచి కూర్చునేవాణ్ణి. ఒక రాత్రి ఆ జాబితాలో 'మలక్‌పేట టైగర్' కనబడ్డాడు. అమ్మమ్మ ఊరి పేజీలో నల్గొండ జిల్లా తీసి సూర్యాపేట జిల్లా పెట్టాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళు కూడా వరసగా మార్చుకుంటూ పోతున్నాడు. సారాంశంలో ప్రతిసారీ అదే ముక్క: జిల్లాల పునర్వ్యవస్థీకరణ ప్రకారం సవరణ.

పదవీ విరమణ సభకు వాడూ వచ్చాడు. ఇప్పుడు మాదాపూర్‌లో ఉద్యోగం, పెళ్ళయింది, పొట్ట కూడా వచ్చింది. నన్ను పక్కకు పిలిచి, ఆఫీసులో ఎవరో తన ఖాతా పేరు చూసి నవ్వారని, వికీలో పేరు మార్చుకునే వీలుందా అని మెల్లగా అడిగాడు. ఉందన్నాను, అర్జీ ఎక్కడ పెట్టుకోవాలో, మార్చాక పాత మార్పులన్నీ కూడా కొత్త పేరు కిందికే వస్తాయని చెప్పాను.

"అంటే అప్పటి చర్చ పేజీలో 'టైగర్ గారూ' అన్నది కూడా మారిపోతుందా సార్?"

"అది వేరేవాళ్ళు టైపు చేసింది కదా, అది అలాగే ఉంటుంది."

కాసేపు ఆలోచించి, చూస్తాను సార్ అన్నాడు. నిన్న రాత్రి ఇటీవలి మార్పులు తెరిచాను. అమ్మమ్మ ఊరి పక్క ఊళ్ళో ఎవరో కోడిపందాల గురించి నాలుగు వాక్యాలు రాస్తే, మలక్‌పేట టైగర్ వాటిని తీసేసి, రాసినవాళ్ళ చర్చ పేజీలో మూలం ఇవ్వగలరా అండీ అని అడిగాడు.